మా పేట మెట్లబావిని బాగుచేసుకున్నాం

పాత బావిని బాగుచేయడం అంటే చాలామంది రాళ్ల పని అనుకుంటారు. కూలిన మెట్టు నిలబెట్టడం, సున్నం పూయడం, రాత్రికి రంగు లైట్లు పెట్టడం. హైదరాబాద్‌లో మూసీకి ఉత్తరాన మా పేటలో ఒక మెట్లబావి ఉంది. దాన్ని బాగుచేసే పనిలో మొదటినుంచీ ఉన్నదాన్ని కాబట్టి చెప్తున్నాను, రాళ్ల పని సగమే. బావిలోకి నీళ్లు ఎటునుంచి వచ్చేవి, ఎందుకు ఆగిపోయాయి, ఇప్పుడు వస్తున్నవి మంచివేనా అని తేల్చుకోవడం మిగతా సగం. ఈ రెండో సగం ఫోటోల్లో పడదు, కాబట్టి దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మీ వీధిలో కూడా రేకుల వెనక ఇలాంటి బావి ఏదైనా ఉంటే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మా బావి చతురస్రంగా ఉంటుంది. ఒక్కో పక్క సుమారు 40 అడుగులు. మూడు వైపులా నిలువు రాతి గోడ, తూర్పు వైపు కిందిదాకా మెట్లు. గోడల్లో దీపాలు పెట్టే గూళ్లు ఉన్నాయి. పడమటి గట్టుమీద, ఎడ్లతో నీళ్లు పైకి లాగే మోట తోలడానికి నిలబెట్టిన రెండు రాతి దిమ్మెలు ఇంకా ఉన్నాయి. ఎడ్లు వెనక్కి ముందుకి నడిచిన ఏటవాలు మాత్రం ఇప్పుడు రోడ్డు కింద పోయింది.

మేం పని మొదలుపెట్టేనాటికి ఇవేవీ కనబడేవి కావు. చుట్టూ రేకులు కొట్టి ఉండేవి. ఇళ్లు కూలగొట్టిన మట్టి, పరుపులు, ప్లాస్టిక్, చవితి తర్వాత తెచ్చి పడేసిన చిన్న వినాయకుళ్లు, అన్నీ అందులోకే. పైన పచ్చటి తెట్టు. పూడ్చేసి కమ్యూనిటీ హాల్ కట్టమని పేటలో సగం మంది అడుగుతున్నారు. వాళ్లను నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. పిల్లలు పడిపోతారన్న భయం, డెంగీ భయం రెండూ నిజమైనవే. మా పక్కింటి పిల్లాడు ప్లేట్‌లెట్లు పడిపోయి హాస్పిటల్లో ఉన్నప్పుడు ఆ తల్లి ముందు వారసత్వం గురించి మాట్లాడే మొహం ఎవరికుంటుంది?

నా మనసు మళ్లింది మా అత్తమ్మ మాటతో. "నల్లా రాని దినం గీ బాయే మాకు దిక్కు. ఎండాకాలం గూడ అడుగు కనబడేది గాదు" అన్నది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మే నెలలో కూడా అడుగు తేలని బావి అంటే దానికి మంచి ఊట ఉన్నట్టు. ఊట ఉన్న బావిని చెత్తకుండీ చేసి, వెయ్యి అడుగుల బోరు వేయించుకుని, అదీ ఎండిపోతే ట్యాంకర్‌కు ఫోన్ చేస్తున్నాం. ఆ లెక్క నాకు మింగుడు పడలేదు.

అసలు ఈ బావులు ఎందుకు పాడుబడ్డాయో తెలియాలంటే నగరం నీళ్ల కథ కొంచెం చెప్పాలి. గోల్కొండ కోటలోకి దుర్గం చెరువు నీళ్లు మట్టి గొట్టాల గుండా వచ్చేవి. అక్కడినుంచి చక్రాలతో అంచెలంచెలుగా కొండమీదికి ఎక్కించేవాళ్లు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో 1562లో హుస్సేన్‌సాగర్ కట్టారు. 1591లో మూసీ అవతల కొత్త నగరం వెలిసింది. తోటకో బావి, గుడికో బావి, మసీదుకో బావి, సరాయికో బావి. భూమిలో దిగిన వాననీటిని ఊటగా పట్టుకుని బతకడమే అప్పటి పద్ధతి.

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద ఈ పద్ధతిని మార్చేసింది. వేలమంది చనిపోయారు. మళ్లీ అలా జరగకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ప్రణాళిక వేయించారు. దాంతో మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదను ఆపడమే కాదు, గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్‌సాగర్ నీళ్లు నల్లాల్లో ఇళ్లకు వచ్చాయి. అది గొప్ప మేలు, కాదనలేం. 1965 నుంచి మంజీరా, 2004 నుంచి నాగార్జునసాగర్ వైపునుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసుకుంటూ కృష్ణా, ఆ తర్వాత గోదావరి. నీళ్లు ఎంత దూరంనుంచి వస్తే, గుమ్మం ముందున్న బావి అంత పనికిరానిదైంది. మా పేటలో బావి వాడకం మెల్లగా తగ్గి, మా అత్తమ్మ వయసు వాళ్లతో ఆగిపోయింది.

ఇక కాగితాల సంగతి. బావి ఎవరిది అనేది మొదటి ప్రశ్న. పేటలో ఎవరినడిగినా ఒక్కో పేరు చెప్పారు. మాకు దారి చూపించింది లియొనార్డ్ మన్ పటాలు. వరద తర్వాత, 1912 నుంచి 1915 దాకా నగరం మొత్తాన్ని సర్వే చేసి చాలా పెద్ద స్కేలులో గీసిన పటాలవి. ఇల్లు, గల్లీ, చెట్టు, బావి ఏదీ వదల్లేదు. మా పేట ఉన్న షీట్ సంపాదించి చూస్తే, మా బావి చతురస్రం, దాని మెట్లు, మోట గట్టుతో సహా ఉంది. కుతుబ్‌షాహీల నాటిదని పేటలో చెప్పుకుంటారు. నేను మాత్రం వందేళ్ల కిందట పటంలో ఉంది అనే చెప్తాను. ఆఫీసుల్లో నిలబడే మాట అదే. ఆ షీట్ మీద ఇప్పటి టౌన్ సర్వే పటాన్ని పెట్టి చూపించేసరికి స్థలం సర్కారు బావిగానే నమోదై ఉందని తేలింది.

తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగడం. ఒకరు ఇది మా పరిధి కాదంటారు, ఇంకొకరు వాళ్లనే అడగమంటారు. పేర్లు రాయను, అవసరం లేదు. మాకు పనిచేసింది సమాచార హక్కు దరఖాస్తు. పెద్ద పెద్ద ప్రశ్నలు వేయలేదు. "ఈ సర్వే నంబరులోని బావిని పూడ్చడానికి ఏ తేదీన, ఏ ఉత్తర్వుతో అనుమతి ఇచ్చారు?" అని ఒకే వాక్యం రాశాం. అలాంటి ఉత్తర్వు ఏదీ లేదని జవాబు వచ్చింది. ఆ కాగితం చేతికొచ్చాక పూడ్చే మాట ఆగిపోయింది. ఎవరైనా ఇలాంటి పనికి దిగితే ఇదే సలహా ఇస్తాను. బాగుచేయమని అడిగేముందు, పూడ్చే హక్కు ఎవరికీ లేదని రాతపూర్వకంగా తెచ్చుకోండి.

వారసత్వ చట్టం మాకు ఆసరా కాలేదు. నగరంలోని పాత కట్టడాలకు 1995 నుంచి నగర జోనింగ్ నియమాల్లోని 13వ నిబంధన కింద ఒక జాబితా ఉండేది. 2015లో ఆ నిబంధనే రద్దయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. మా బావి ఏ జాబితాలోనూ లేదు. ఊరూరా ఉండే వేల బావుల పరిస్థితి ఇదే. రాజుల పేరు తగిలితేనే జాబితా ఎక్కుతాయి. జనం నీళ్లు తోడుకున్న బావి ఎక్కదు. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

పేటవాళ్లను ఒప్పించింది మాత్రం మా మాటలు కాదు, బన్సీలాల్‌పేట బావి. సికింద్రాబాద్‌లో ఆ మెట్లబావి కూడా ఏళ్ల తరబడి చెత్తతో నిండిపోయి ఉండేది. నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ, ద రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ కలిసి బాగుచేసి 2022 డిసెంబర్‌లో తెరిచారు. కమ్యూనిటీ హాల్ కావాలన్న పెద్దమనుషులనే వెంటబెట్టుకుని వెళ్లాం. కింద మెట్ల దగ్గర నిలబడి నీళ్లను చూసి వచ్చాక వాళ్లలో ఒకాయనే చందా పుస్తకం పట్టుకున్నాడు. చందాలు, ఒక కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్ ఉచితంగా ఇచ్చిన సమయం, మున్సిపల్ క్రేన్. మా పెట్టుబడి ఇంతే.

నీళ్లు తోడే పని గురించి నిదానంగా చెప్పాలి, ప్రాణాలమీదికి వచ్చేది ఇక్కడే. పాడుబడ్డ బావిలోకి మనిషిని దించకూడదు. కుళ్లిన చెత్త అడుగున మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఉంటాయి. కదిపితే పైకి వస్తాయి. దీపం దించి చూస్తే చాలనే పాత అలవాటును నమ్ముకోవద్దు. మంటకు అంటుకునే వాయువు ఉన్నచోట దీపం దించడమే ప్రమాదం. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే దీపం ఆరిపోకముందే మనిషిని పడేస్తుంది. మేం గ్యాస్ మీటర్ అద్దెకు తెచ్చాం. పైపొరలన్నీ క్రేన్‌తోనే తీశాం. మనుషులు దిగాల్సి వచ్చినప్పుడు బ్లోయర్‌తో గాలి కొట్టించి, మీటర్ చూసి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరిని నిలబెట్టాకే దింపాం. కూలీలు నవ్వేవాళ్లు, "గింత లొల్లి అవసరమా మేడం" అని. అవసరమే.

నీళ్లు తోడడానికి వచ్చిన కాంట్రాక్టర్ రెండు పెద్ద మోటార్లు పెట్టి ఒక్క రోజులో ఖాళీ చేస్తానన్నాడు. మేం ఒప్పుకోలేదు. కారణం ఇది. బావి నిండుగా ఉన్నప్పుడు లోపలి నీళ్లు గోడను బయటికి నెడుతుంటాయి. గోడ వెనక తడి మట్టి, అందులోని నీళ్లు గోడను లోపలికి నెడుతుంటాయి. రెండూ సరిపోయినంతకాలం గోడ నిలబడుతుంది. లోపలి నీళ్లను గంటల్లో తోడేస్తే ఆ వైపు ఒత్తిడి పోతుంది. మట్టిలోని నీళ్లు మాత్రం అంత తొందరగా దిగవు, రోజులు పడుతుంది. అప్పుడు వెనకనుంచి వచ్చే ఒత్తిడికి ఎదురే ఉండదు. వందల ఏళ్లు నిలబడ్డ గోడ ఒక్క మధ్యాహ్నంలో లోపలికి కూలొచ్చు. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని బడీ బావిలో 2013 వానలకు పడమటి గోడ కూలిన సంగతి మా ఆర్కిటెక్ట్ గుర్తుచేశారు. మట్టిలో నీళ్లు నిండితే ఎంత గట్టి కట్టడానికైనా అదే పరీక్ష.

అందుకే రోజుకు ఒకటి రెండు అడుగులే తోడించాం. తోడాక ఆగి, గోడ సందుల్లోంచి ఊట కారడం తగ్గిందా లేదా చూశాం. పగుళ్లమీద సున్నంతో గాజు ముక్కలు అతికించి పెట్టాం. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు చిట్లిపోతుంది. ఉత్తరం గోడమీద ఒక ముక్క చిట్లింది కూడా. వెంటనే తోడడం ఆపి, అక్కడ దుంగలు అడ్డంగా కొట్టి, వారం ఆగి మళ్లీ మొదలుపెట్టాం. ఆ వారమంతా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. కాలేజీలో పాఠం చెప్తున్నా టెన్షన్‌గానే ఉండేది.

పూడికలో పైన ప్లాస్టిక్, దాని కింద ఇళ్ల మట్టి, దాని కింద నల్లటి బురద. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు సగం కరిగి గడ్డకట్టి ఉన్నాయి. వాటి లోపలి ఇనుప చువ్వలకు క్రేన్ బకెట్ చిక్కుకునేది. ఇంకా కిందికి వెళ్తే కుండపెంకులు, ఒక ఇత్తడి చెంబు, తుప్పుపట్టిన గిలక, కొన్ని రాగి నాణేలు. భూమిలో దొరికిన వస్తువుల విషయంలో 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. పది రూపాయలకు మించి విలువ చేసే పాత వస్తువు ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి. ఫోటోలు తీసి, జాబితా రాసి అప్పగించాం. గిలక మాత్రం బావి దగ్గరే ఉంచుకోమన్నారు.

బురద పోయాక అడుగు రాళ్లు బయటపడ్డాయి. నాకు ఈ బావి మీద అసలు గౌరవం కలిగింది అప్పుడే. పై వరసలన్నీ సున్నంతో కట్టి ఉంటే, కింది ఆరేడు వరసల్లో సున్నమే లేదు. రాయిమీద రాయి, సందులు వదిలి పేర్చారు. ఊట ఆ సందుల్లోంచి రావాలి, వెనక ఒత్తిడి కూడా ఆ సందుల్లోంచే దిగిపోవాలి. కట్టినవాళ్లకు నేను క్లాసులో చెప్పే ఫార్ములాలు అక్కర్లేదు, పని తెలుసు. ఎవరో తర్వాత ఎప్పుడో "రిపేరు" పేరుతో పడమటి పక్క ఈ సందులన్నిటినీ సిమెంటుతో మూసేశారు. ఆ వైపు గోడ పొట్టలా ముందుకు ఉబ్బింది. ఉబ్బక ఏం చేస్తుంది, నీళ్లకు దారి లేదు.

సిమెంటు తీయడం ఉలితో, సుత్తితో చేసే పని. మెషిన్ పెడితే రాయి అదిరిపోతుంది. మా పని చేసిన మేస్త్రీ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఏళ్ల తరబడి సున్నం పని చేసి వచ్చినవాడు. అక్కడ 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి పని మొదలుపెట్టి 2024లో ముగించింది. అక్కడి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఆ పనివల్ల నగరానికి మిగిలిన పెద్ద ఆస్తి, నా దృష్టిలో, పురస్కారం కన్నా ఇలాంటి మేస్త్రీలే. "సిమెంటు రాయికన్న గట్టిగుంటది మేడం. గోడ జరిగినప్పుడు అది పగల్దు, రాయి పగుల్తది. సున్నమైతే అది పగిలి రాయిని కాపాడ్తది, మల్ల పెట్టుకోవచ్చు" అన్నాడు. ఇంజినీరింగ్ పుస్తకాలు పేజీలు పేజీలు రాసే విషయం ఇదే.

డంగుసున్నం ఎలా తయారవుతుందో కళ్లారా చూశాను. సున్నపురాయిని 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి ఘాటు సున్నం మిగులుతుంది. దాన్ని నీళ్ల తొట్టిలో వేస్తే బుసబుస పొంగుతుంది, నీళ్లు మరిగిపోతాయి. కళ్లలో పడితే చూపు పోతుంది, అందుకే అద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అలా చల్లార్చిన సున్నాన్ని వారాల తరబడి నానబెట్టాలి. ఎంత నానితే అంత మెత్తన, అంత జిగురు. తర్వాత ఇసుక, ఇటుక పొడి అంటే సుర్కీ కలిపి గానుగలో రుబ్బాలి. వెనకటికి గుండ్రటి రాతి కాలువలో ఎడ్లు రాతి చక్రాన్ని తిప్పేవి. ఇప్పుడు మోటారు తిప్పుతోంది, కానీ రాయి అదే, రుబ్బుడు అదే. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు ఎంతెంత పోయాలో మేస్త్రీ చేతితో చూసి చెప్పేవాడు. కొలత అడిగితే నవ్వి, చిటికెడు సున్నం నా వేళ్లమధ్య పెట్టి రుద్ది చూడమనేవాడు.

సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. అది నెలల పని. తొందరగా ఆరితే పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి తడి గోనెసంచులు కప్పి ఉంచాం. బావి లోపల ఎప్పుడూ తడే కాబట్టి ఉత్త సున్నం గట్టిపడదు. అక్కడ సుర్కీయే ఆధారం, తడిలో కూడా సున్నాన్ని బిగుసుకునేలా చేసేది అదే. పడమటి గోడను పైనుంచి వరసవరసగా విప్పి, ప్రతి రాయికీ నంబరు రాసి, గట్టుమీద అదే వరసలో పరిచి, మళ్లీ అలాగే పేర్చారు. కింది వరసల సందులను సందుల్లాగే వదిలారు.

రాళ్ల పని అయిపోయింది. పేటలో అందరూ పని పూర్తయిందనే అనుకున్నారు. దండలు, రిబ్బన్ అన్నారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది ఔరంగాబాద్ పన్‌చక్కీ. ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్న ఆ ఊరు 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలోదే. బాబా షా ముసాఫిర్ దర్గా ఆవరణలో నీటితో తిరిగే పిండి మర ఉంటుంది. కొండల్లోని ఊటను భూమిలో వేసిన మట్టి గొట్టాల గుండా ఊళ్లోకి తెచ్చి, ఎత్తైన గోడమీదికి ఎక్కించి, అక్కడినుంచి తొట్టిలోకి దూకించారు. ఆ పడే నీటి బలంతో అడ్డంగా ఉన్న చక్రం తిరిగి, పైన తిరగలి రాయి తిరిగేది. దర్గాకు వచ్చే ఫకీర్లకు, బాటసారులకు పిండి అక్కడే ఆడేవాళ్లు. తొట్టి అడుగే కింద ఉన్న హాలుకు కప్పు, అందుకే ఎండాకాలం కూడా ఆ హాలు చల్లగా ఉంటుంది. కాలేజీ పిల్లలతో వెళ్లినప్పుడు అందరూ మరను ఫోటో తీస్తుంటే నేను గొట్టాలు ఎటునుంచి వస్తున్నాయని అడుగుతూ తిరిగాను. ఆ గొట్టం దారిలో ఎక్కడ పగిలినా, ఎక్కడ దానిమీద ఇల్లు లేచినా, ఊళ్లో ఎంత చక్కటి రాయి ఉన్నా మర ఆగుతుంది. కట్టడాన్ని నిలబెట్టి నీటి దారిని వదిలేస్తే బాగుచేసినట్టు కాదు. మా బావి విషయంలో ఈ మాటకే కట్టుబడ్డాం. రిబ్బన్ కార్యక్రమం వాయిదా వేయించాం. కొందరికి కోపం వచ్చింది.

ఊటనీటిని ల్యాబ్‌కు పంపితే కోలిఫార్మ్ బ్యాక్టీరియా, నైట్రేట్ రెండూ ఎక్కువగా వచ్చాయి. అంటే ఊటలో డ్రైనేజీ కలుస్తోంది. మా లైను బాగానే ఉందని ఒక ఆఫీసులో కొట్టిపారేశారు. వాదన పెట్టుకోకుండా, వాళ్ల అనుమతితోనే మ్యాన్‌హోళ్లలో ఒకటొకటిగా రంగు పోసి చూద్దామన్నాం. ఇది నీళ్ల ఇంజినీర్లు మామూలుగా చేసే పరీక్షే. పడమటి గల్లీ మ్యాన్‌హోల్‌లో పోసిన ఆకుపచ్చ రంగు మర్నాటికి బావి గోడ సందులోంచి కారింది. ఇంజినీర్ మెట్లమీద నిలబడి చూశారు. ఇక మాట్లాడేది లేకపోయింది. పాత మట్టి పైపు కీళ్ల దగ్గర ఊడిపోయి ఉంది. గల్లీలో సగం దూరం దాకా కొత్త పైపు వేశారు.

రెండో పని వాననీళ్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 80 వేల లీటర్లు. కొంత ఆవిరైనా, కొంత పొంగిపోయినా మిగిలేది తక్కువేం కాదు. ఈ లెక్క నల్లబల్ల మీద రాసి చూపిస్తే మా పిల్లలే ఇంటింటికీ వెళ్లి డాబాలు కొలిచారు. గుడి కప్పు, సర్కారు బడి కప్పు, బావి చుట్టూ ఉన్న ఇళ్లు కలిపాం. నీళ్లను నేరుగా బావిలోకి వదలలేదు. మొదటి వాన నీళ్లను బయటికి పంపేసి, తర్వాతివి కంకర, ఇసుక నింపిన ఇంకుడు గుంతల్లోకి మళ్లించాం. అవి మట్టిలో దిగి, వడపోసుకుని, ఊటగా బావిలోకి రావాలి. చూడటానికి పైపు నీళ్లు బావిలో ధారగా పడితే బాగుంటుంది, చాలామంది అదే అడిగారు. కానీ డాబామీది దుమ్ము, పావురాల రెట్ట అన్నీ బావిలోకే వస్తాయి. నేను గట్టిగా వద్దన్నాను.

మన నేల కింద ఉన్నది గ్రానైట్. గట్టి రాయిలో నీళ్లు నిలవవు, పైన ఉన్న శిథిల పొరలో, పగుళ్లలో నిలుస్తాయి. బావులు ఆ పైపొర నీళ్లనే పట్టుకుంటాయి. మనం బోర్లతో ఆ పొరను దాటేసి ఎక్కడో లోతున పగులు దొరుకుతుందేమోనని తవ్వుతూ పోతున్నాం. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఇంకుడు గుంతల గురించి ఎప్పుడో చెప్పింది. కాగితంమీద చూపించడానికి గుంత తవ్వి తర్వాత టైల్స్ వేసుకున్న ఇళ్లు మా గల్లీలోనే ఉన్నాయి. అలాంటి రెండిళ్ల వాళ్లు ఈసారి టైల్స్ తీయించారు. నాకు పడమటి గోడ కన్నా ఆ రెండు గుంతలే ఎక్కువ సంతోషాన్నిచ్చాయి.

ఇప్పుడు బావిలో నీళ్లున్నాయి. తాగడానికి కాదు, ఆ సంగతి బోర్డు రాసి పెట్టాం. గుడి కడగడానికి, బడి చెట్లకు, పెళ్లిళ్లప్పుడు వాడకానికి తీసుకుంటున్నారు. గట్టు చుట్టూ ఇనుప కంచె, మెట్ల దగ్గర గేటు, తాళంచెవి గుడి పూజారి దగ్గర ఒకటి, బడి వాచ్‌మన్ దగ్గర ఒకటి. దోమలకు గంబూసియా చేపలు వేద్దామని ఒకరన్నారు. మన నీళ్లవి కాని చేపలు వద్దని, స్థానిక చిన్న చేపలు తెచ్చి వేశాం. చవితికి బావి పక్కన పెద్ద తొట్టి పెట్టి విగ్రహాలు అందులోనే నిమజ్జనం చేయిస్తున్నాం. బతుకమ్మ విషయంలో మాత్రం ఆడవాళ్లు బావిలోనే వదలాలన్నారు, పూలే కదా అని. సరేనన్నాం, మర్నాడు పొద్దున్నే వలతో తీసేయాలన్న మాటమీద. మా అత్తమ్మ కంచె పట్టుకుని నిలబడి, ఎవరు తీస్తున్నారో ఎవరు తీయట్లేదో చూసి మరీ పిలుస్తుంది.

మృగశిర కార్తెకు ముందే ఇంకుడు గుంతల్లో ఇసుక పైపొర తీసి మార్చాలి, డాబా పైపుల జాలీలు కడగాలి. ఈ పని ఎవరిదో రాసి గుడి గోడకు అంటించాం. నీటిమట్టం వారానికోసారి మా కాలేజీ పిల్లలు కొలిచి రాస్తున్నారు. ఉత్తరం గోడలో గాజు చిట్లిన చోట ఇంకా దుంగల ఆసరాలోనే ఉంది, వచ్చే ఎండాకాలం నీటిమట్టం దిగినప్పుడు విప్పి కట్టాలి. పడమటి గల్లీలో మిగిలిన సగం డ్రైనేజీ పైపు మార్చడానికి ఎస్టిమేట్ వేశారు. ఆ పైపు పడేదాకా నెలనెలా నీళ్ల పరీక్ష చేయిస్తాం, రిపోర్టు బావి గేటుకే అంటిస్తాం.